నోరు తెరిచిన చేపలు

శ్రీమహావిష్ణువు లోకాన్ని కాపాడడానికి మొట్టమొదట ఎత్తింది సింహం రూపం కాదు, చేప రూపం. అందుకని చేప కథ చెప్పుకునే ముందు ఒక్కసారి ఆ స్వామికి చేతులు జోడిద్దాం. జోడించారా? చిన్నవాళ్లు ముందుకు రండి. పెద్దవాళ్లు కాస్త వెనక్కి జరగండి. ఊఁ కొట్టేవాళ్లు ఊఁ కొట్టండి. నిద్ర వచ్చేవాళ్లు ఊఁ కొట్టినట్టు తల ఊపినా చాలు.

అనగనగా నీళ్లు ఎక్కువా, నేల తక్కువా ఉన్న దేశం ఒకటి ఉండేది. దాని పేరు కలువలంక. దాన్ని ఏలే రాజు జగ్గభూపతి.

జగ్గభూపతి మంచివాడే. స్నానం, పూజ కానిదే మంచినీళ్లయినా ముట్టడు. ఆకలి అన్నవాణ్ణి ఉత్త చేతులతో పంపడు. ఆయనకు ఉన్న బాధ ఒక్కటే. ఆయనకొక వియ్యంకుడున్నాడు.

రాజుగారి కోట వెనక పెద్ద చేపల చెరువు ఉండేది. అందులో బొచ్చెలు, శీలావతులు, ఎర్రమోసులు వేలకు వేలు తిరిగేవి. ఆ చెరువును చూసుకునేది నాంచారమ్మ. ఏడు తరాలుగా ఆ పని వాళ్ల ఇంటిదే. చెరువు గట్టు మీదే ఆమె తాటాకు గుడిసె. పొద్దున లేస్తే చెరువు, రాత్రి పడుకుంటే చెరువు. అదే ఆమెకు పుట్టిల్లు, అదే మెట్టినిల్లు.

నాంచారమ్మ చేపలకు మేత పెట్టే పద్ధతి చిత్రంగా ఉండేది. తవుడు, వేరుశనగ చెక్క కలిపి ఒక గోనెసంచిలో పోసేది. అందులో చిటికెడు ఉప్పు, చిటికెడు పసుపు, కాస్త ఆలచిప్పల సున్నం, నాలుగు వెల్లుల్లి రెబ్బల ముద్ద వేసేది. చేపకు బలం రావాలన్నా, రోగం రాకుండా ఉండాలన్నా ఆ చిటికెడే మందు. తర్వాత సంచి అడుగున చిల్లులు పొడిచి, దోనె మీద వెళ్లి, నీళ్లలో పాతిన వెదురు గెడకు "గంగమ్మ తల్లీ" అనుకుంటూ వేలాడదీసేది. చేపలు వచ్చి ఆ చిల్లుల్లోంచి చప్పరించుకుని తినేవి.

ఒక జాము గడిచాక మళ్లీ వెళ్లి సంచి ఎత్తి చూసేది. ఖాళీ అయితే మర్నాడు ఒక గుప్పెడు ఎక్కువ. మిగిలితే మర్నాడు రెండు గుప్పెళ్లు తక్కువ. అంతే. ఆమెకు తెలిసిన శాస్త్రం అంతకు మించి లేదు.

ఇలా ఉండగా ఒక కార్తిక పౌర్ణమి నాడు కొండవల్లి రాజ్యం నుంచి ఒక కావడి వచ్చింది. కొండవల్లి రాజుగారే మన రాజుగారి వియ్యంకుడు. కావడికి కట్టి ఉన్నది ఒక బొచ్చె చేప. ఇద్దరు మనుషులు మోసుకొచ్చారు. దాని తల గడపకు ఈవల ఉంటే తోక ఆవల ఉంది. దాంతో పాటు ఒక తాటాకు కమ్మ.

మంత్రిగారు కమ్మ విప్పి చదివారు. "బావగారికి నమస్కారం. మా చెరువులో చిన్న చేప ఒకటి పంపుతున్నాం. పెద్దవి మోయడానికి మనుషులు దొరకలేదు. మాఘ పౌర్ణమికి మీ ఇంటికి భోజనానికి వస్తున్నాం. మీ చేప కూడా రుచి చూస్తాం, విస్తట్లో కంటికి ఆనితే."

సభలో ఎవరూ నవ్వలేదు. నవ్వు ఆపుకోలేని ఇద్దరు ముగ్గురు దగ్గు నటించారు.

జగ్గభూపతికి ఆ పూట అన్నం సహించలేదు. ఆ చేప పులుసు మాత్రం సహించింది. అదీ ఆయన బాధ, అది చాలా బాగుంది కూడా.

వెంటనే నాంచారమ్మను పిలిపించి, మాఘ పౌర్ణమికి మన చేపలు వియ్యంకుడి చేపకు రెండింతలు కావాలన్నాడు. నాంచారమ్మ తల వంచుకుని, చేప పెరిగేది ఏలినవారి ఆజ్ఞకు కాదనీ, కాలానికి అనీ మనవి చేసింది. మాఘానికి మూరెడు చేప ఇవ్వగలననీ, బారెడు చేప ఇవ్వలేననీ చెప్పింది.

నిజం చెప్పేవాళ్లతో ఇదే చిక్కు. అడిగింది ఇవ్వరు, ఉన్నది చెబుతారు.

సరిగ్గా అప్పుడే ఊళ్లోకి ఒక బండి దిగింది. బండి నిండా జాడీలు. జాడీల మధ్య పట్టు శాలువా కప్పుకుని కూర్చున్న మనిషి పేరు చూర్ణానందుడు. ఏనుగును గుర్రమంత వేగంగా పరిగెత్తించే పొడి, గుర్రాన్ని ఏనుగంత లావు చేసే లేహ్యం తన దగ్గర ఉన్నాయని చెప్పుకునేవాడు. ఒక ఊళ్లో రెండు నెలలకు మించి ఉండేవాడు కాదు. ఎందుకో మీరే ఊహించండి.

అతడు చెరువు గట్టున నిలబడి నాంచారమ్మ సంచిని చూసి ముక్కు మీద వేలు వేసుకున్నాడు.

"మహారాజా, ఇంటికొచ్చిన చుట్టానికి చిల్లుల విస్తట్లో ఎవరైనా వడ్డిస్తారా? తమరి చేపలు పస్తులుంటున్నాయి."

రాజుగారి మనసు చివుక్కుమంది. ఆకలి అన్న మాట ఆయన వినలేడు. పైగా చుట్టం అన్న మాట వినగానే వియ్యంకుడు గుర్తొచ్చాడు. సంచి తీసేయమన్నాడు. మాఘ పౌర్ణమికి చేపలు పెరిగితే చెరువు చూర్ణానందుడిదేననీ, నాంచారమ్మ గుడిసె ఖాళీ చేసి వెళ్లాలనీ తీర్మానించాడు.

ఏడు తరాల గుడిసె. నాంచారమ్మ తీసేసిన సంచిని మడిచి చూరులో దోపుకుంది.

ఇక చూడండి వైభవం.

మొదటి మందు పేరు బలవర్ధిని. ఉలవపిండి, బెల్లం, కోడిగుడ్లు కలిపి ఉండలు చేసి బుట్టలకు బుట్టలు నీళ్లలో విసిరారు. ఉండలు తేలాయి. చేపల కంటే ముందు కొంగలు చూశాయి. కలువలంక కొంగలు వచ్చాయి, పక్క ఊరి కొంగలు వచ్చాయి, వాటి మేనత్త కొడుకులు కూడా వచ్చారు.

ఒక ముసలి కొంగ పక్కదానితో, "ఒంటికాలి మీద ఇన్నేళ్లు చేసిన జపం ఇవాళ్టికి ఫలించిందే" అన్నదట.

పదిహేను రోజులకు కొంగలు ఎంత లావెక్కాయంటే, ఎగరబోయి రెండడుగులు పరిగెత్తి కూర్చుండిపోయేవి. ఒంటికాలి మీద నిలబడడం మానేశాయి. కాలు మోయడం లేదు మరి.

ఇదేమిటని రాజుగారు అడిగితే చూర్ణానందుడు తడుముకోలేదు. మందు పనిచేస్తున్నదనడానికి ఇదే సాక్ష్యమన్నాడు. ఎంగిలి తిన్న కొంగకే ఇంత పడితే, అసలు తిన్న చేపకు ఎంత పట్టి ఉండాలో లెక్క వేసుకోమన్నాడు. రాజుగారు వేసుకున్నాడు. సంతోషించాడు.

రెండో మందు పేరు హరితామృతం. అందులో ఏముందో దేవుడికి తెలియాలి. వాసనను బట్టి పశువుల పేడ ఉందని అందరికీ తెలిసింది. నలభై జాడీలు కుమ్మరించారు. నాలుగు రోజుల్లో చెరువు పచ్చబడింది. పచ్చ అంటే లేత పచ్చ కాదు, గోరింటాకు నూరి కలిపినంత పచ్చ.

పట్టపుటేనుగు అలవాటు ప్రకారం స్నానానికి దిగింది. దిగేటప్పుడు నల్లగా దిగింది. ఎక్కేటప్పుడు చిలకలా ఎక్కింది. మావటివాడు దాన్ని చూసి పచ్చకామెర్లు అనుకుని పసర్ల వైద్యుడి దగ్గరకు పరిగెత్తాడు. ఆ వైద్యుడు వచ్చి, ఏనుగు కన్ను చూశాడు, నాలుక చూశాడు, అంత పెద్ద రోగిని తన అనుభవంలో చూడలేదని చెప్పి దక్షిణ తీసుకోకుండా వెళ్లిపోయాడు.

నాంచారమ్మ మాత్రం రోజూ గట్టున కూర్చుని నీళ్లలో చెయ్యి పెట్టి చూసేది. మోచేతి దాకా ముంచితే తన అరచెయ్యి తనకే కనిపించేది కాదు. నీళ్లు పాడవుతున్నాయని మంత్రిగారికి చెప్పింది. మంత్రిగారు, రాజుగారికి నచ్చని మాట చెప్పే పని తన కొలువులో లేదన్నారు.

మూడో మందు పేరు మహాపుష్టి. బాదంపప్పు, నువ్వుల నూనె, ఆవునెయ్యి. మనుషులకు పెట్టి ఉంటే మనుషులు దీవించేవారు. పన్నెండు బానల నెయ్యి చెరువులో పోశారు. అది నీళ్ల మీద తెరలా పరుచుకుంది. కింద నీళ్లలో పాత మందులు కుళ్లుతున్నాయి. పైన నెయ్యి మూత పెట్టింది.

మర్నాడు తెల్లవారుజామున చెరువంతా చిత్రమైన చప్పుడు. చప్, చప్, చప్. చిన్నవీ పెద్దవీ, బొచ్చెలూ శీలావతులూ, ఉన్న చేపలన్నీ నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. తెరుస్తున్నాయి, మూస్తున్నాయి. మళ్లీ తెరుస్తున్నాయి.

రాజుగారు పరుగున గట్టుకు వచ్చాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పాపం, ఎంత ఆకలి మీద ఉన్నాయో. చూర్ణానందా, అడుగుతున్నాయయ్యా."

చూర్ణానందుడు కూడా కళ్లు ఒత్తుకున్నాడు. మందు ఒంటికి పట్టడం మొదలైతే ఆకలి ఇలాగే పుడుతుందన్నాడు. ఈ రోజు మూడు మందులూ కలిపి, మూడింతలు వేస్తే ఇక చేపలను ఆపడం ఎవరి తరమూ కాదన్నాడు. ఆ చివరి ముక్క మాత్రం నిజమే.

నాంచారమ్మ రాజుగారి కాళ్ల దగ్గర కూలబడింది. అవి ఆకలి నోళ్లు కావనీ, నీళ్లలో ఊపిరాడక పైకొచ్చి గాలి కోసం తెరుస్తున్న నోళ్లనీ, ఇంకొక్క బుట్ట పడితే రేపు పొద్దుటికి ఒక్క చేప కూడా మిగలదనీ చెప్పింది.

చూర్ణానందుడు నవ్వాడు. "నీళ్లలో పుట్టిన చేపకు నీళ్లలో ఊపిరాడకపోవడమా? గాలిలో పుట్టిన మనిషికి గాలిలో ఊపిరాడలేదని ఎప్పుడైనా విన్నావా అమ్మా?"

గట్టున చేరిన సభ అంతా నవ్వింది. ఈసారి ఎవరూ దగ్గు నటించలేదు.

నాంచారమ్మ నవ్వలేదు. ఆ మాటను మాత్రం కొంగుకు ముడి వేసుకుంది.

ఆ రోజు పుష్యమాసం తొలి గురువారం. కలువలంకలో ఆ రోజున గట్టు భోజనం అనే ఆచారం ఉంది. ఏడాదికి ఒక్కసారి రాజు, చెరువు చూసే మనిషి గుడిసెలో, వాళ్ల చేతి వంట తినాలి. తినకపోతే గంగమ్మ తల్లికి కోపం. రాజుగారు దైవభక్తి గలవాడని ముందే చెప్పాను కదా. మందు వేయడం మధ్యాహ్నం దాకా ఆపి, ముందు భోజనానికి వస్తానన్నాడు. ఎలాగూ ఆమె చేతి వంటకు ఇదే చివరిసారి అని కూడా అన్నాడు.

రాజుగారు గుడిసెలో పీట మీద కూర్చున్నాడు. మంత్రిగారు, భటులు, చూర్ణానందుడు బయట నిలబడ్డారు. నాంచారమ్మ తలుపు వేసింది. కిటికీకి చాప కట్టింది. చూరు సందుల్లో పాత గుడ్డలు కుక్కింది. రాజు భోంచేస్తుంటే ఎవరి కళ్లూ పడకూడదని చెప్పింది. అది రాజుగారికి నచ్చింది.

తర్వాత, అన్ని చేపలున్న దొరకు దిష్టి ఎక్కువగా ఉంటుందనీ, ముందు అది తీయాలనీ అంది. అదీ నచ్చింది. నాంచారమ్మ పిడికెడు ఎండుమిరపకాయలు, ఉప్పు తీసుకుని రాజుగారి చుట్టూ మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేసింది.

దిష్టి తగిలి ఉంటే మిరపకాయ ఘాటు రాదని మన పెద్దవాళ్లు అంటారు కదా. ఆ రోజు రాజుగారికి దిష్టి ఏమాత్రం లేదు.

ఘాటు లేచింది. మొదట ముక్కు మండింది. తర్వాత గొంతు మండింది. రాజుగారు గాలి కోసం నోరు తెరిచాడు. తెరిచిన నోట్లో నాంచారమ్మ, తన ముక్కుకు కొంగు అడ్డం కట్టుకుని, ఒక సున్నుండ పెట్టింది.

ఆయన దాన్ని ఎలాగో మింగి, ఏదో చెప్పబోయి మళ్లీ నోరు తెరిచాడు. రెండో సున్నుండ పడింది. ఇది మొదటిదానికంటే పెద్దది.

కళ్లలోంచి నీళ్లు ధారలుగా కారుతున్నాయి. పీట మీద నుంచి లేచాడు, గోడ తడుముకున్నాడు. తలుపు దొరకలేదు. మూడోసారి నోరు తెరిచాడు. మూడో సున్నుండ, నేతిలో ముంచి మరీ పెట్టింది.

బయట మంత్రిగారికి లోపలి మూలుగులు వినిపించాయి. తల ఊపి, "ప్రభువులకు వంట నచ్చినట్టుంది" అన్నారు. భటులు గుటకలు మింగారు.

ఇంతలో నాంచారమ్మ తలుపు బార్లా తీసింది. రాజుగారు పొగతో పాటే బయటికి వచ్చి, గట్టు మీద చతికిలబడి, ఆకాశం వైపు నోరు తెరిచి గాలి మింగాడు. తెరిచాడు, మూశాడు. మళ్లీ తెరిచాడు. కిరీటం ఎక్కడో పడిపోయింది. మీసానికి సున్నుండ పొడి అంటుకుంది.

మాట రాగానే ఆయన అన్న మొదటి మాట, "నన్ను చంపాలనుకున్నావా?"

భటులు కత్తులు దూశారు. నాంచారమ్మ మోకాళ్ల మీద కూర్చుంది.

"లేదు ప్రభూ. తమరు నోరు తెరిచారు. ఆకలేమో అనుకుని పెట్టాను."

చెరువులోంచి ఆ చప్పుడు వస్తూనే ఉంది. చప్, చప్, చప్. పొద్దుటి కంటే మెల్లగా.

రాజుగారు తల తిప్పి నీళ్ల వైపు చూశాడు. ఒక బొచ్చె చేప గట్టు పక్కకే వచ్చి ఉంది. దాని నోరు గుండ్రంగా తెరుచుకుని ఉంది. పొద్దున ఆయనకు ఆ నోట్లో ఆకలి కనిపించింది. ఇప్పుడు తన ముఖమే కనిపించింది.

"గాలిలో పుట్టిన మనిషికి గాలిలో ఊపిరాడకపోవడం ఇదేనా?" అని మెల్లగా అడిగాడు. చూర్ణానందుడు అప్పటికే బండి ఎటు ఉందో చూసుకుంటున్నాడు.

రాజుగారు చటుక్కున లేచి, ఏం చేయాలో చెప్పమన్నాడు. రాజు ఆజ్ఞ ఇవ్వడం మాని ఆజ్ఞ అడగడం ఆ కొలువులో అదే మొదలు.

నాంచారమ్మ చకచకా చెప్పింది. మేత ఒక్క గింజ కూడా వేయవద్దు. తూము ఎత్తి కాలువ నుంచి కొత్త నీళ్లు వదలాలి. ఆ నీళ్లు వచ్చేదాకా ఉన్న నీళ్లను కొట్టాలి, చిలకాలి, ఎగజిమ్మాలి. నీళ్లు గాలిని తాగితే చేపలు నీళ్లను తాగుతాయి.

ఇక చూడండి. భటులు డాళ్లతో నీళ్లు కొట్టారు. వంటవాళ్లు గరిటెలతో చిలికారు. మంత్రిగారు అరటి దొప్ప పట్టుకుని మోకాలి లోతులో నిలబడి, తన కొలువులో లేని పని చేశారు. రాజుగారు పట్టు పంచె ఎగగట్టి, తెడ్డు పట్టి, దోనె మీద చెరువంతా తిరిగాడు. నెయ్యి తెరను తెడ్డుతో చీల్చుకుంటూ తిరిగాడు. తిరుగుతూ విష్ణు నామాలు చదివాడు. సగం చదివేసరికి ఆయాసం వచ్చి మళ్లీ నోరు తెరిచాడు. ఈసారి ఎవరూ ఏమీ పెట్టలేదు.

అందరికంటే గొప్ప పని మాత్రం పచ్చ ఏనుగుది. అది చెరువు మధ్యకు దిగి, తొండం నిండా నీళ్లు పీల్చి ఆకాశానికి చిమ్మింది. పీల్చింది, చిమ్మింది. వాన కురిసినట్టు కురిసింది. కొంగలు సాయం చేయబోయాయి గానీ, రెక్కలు లేవలేదు.

పొద్దు వాలేసరికి కాలువ నీళ్లు చెరువంతా నిండాయి. చప్పుడు పలచబడింది. ఆఖరి చేప ఒక్కసారి తోక ఆడించి లోపలికి మునిగింది. నీటి మీద ఒక్క నోరు కూడా మిగల్లేదు. పదో పరకో పోయాయి, అది కూడా చెప్పాలి కదా. మిగతావన్నీ దేవుడి దయ వల్ల, ఏనుగు దయ వల్ల బతికాయి.

అప్పుడు చూర్ణానందుణ్ణి ముందుకు తెచ్చారు. బండి దాకా వెళ్లాడు గానీ ఎక్కలేకపోయాడు. ఆ మందు రుచి మరిగిన కొంగలు బండి చుట్టూ చేరి జాడీల కోసం దారి కాశాయి మరి.

రాజుగారు ఒక్కటే అడిగాడు. "ఇంత బలమిచ్చే మందులు నీ దగ్గర ఉన్నాయి కదా. నువ్వు ఏం తింటావయ్యా?"

చూర్ణానందుడు తల వంచుకుని, "రెండు పూటలా పెరుగన్నం, మహారాజా. మితంగా" అన్నాడు.

తల తీయించాలని సేనాపతి అన్నాడు. నాంచారమ్మ వద్దంది. చెరువు అడుగున అతని మందులన్నీ బురదై పడి ఉన్నాయనీ, అవి ఎవరివో వాళ్లే తీయడం న్యాయమనీ అంది. పట్టు శాలువా నడుముకు చుట్టుకుని చూర్ణానందుడు ఇరవై రోజులు ఆ బురద తట్టలతో ఎత్తి గట్టు మీద పోశాడు. ఆ బురదలో నాంచారమ్మ తోటకూర చల్లింది. కాడలు చెరకు గడలంత లావు లేచాయి. చివరికి అతని మందు పనిచేసింది. చేపల మీద కాదు, తోటకూర మీద.

చూరులో దోపిన పాత సంచి మళ్లీ నీళ్లలోకి దిగింది. మొదటి రోజు ఒక్క గుప్పెడు. రెండో రోజు రెండు.

మాఘ పౌర్ణమి వచ్చింది. వియ్యంకుడు కొండవల్లి రాజు ఏనుగు మీద వచ్చాడు. మన ఏనుగు ఇంకా చెవుల వెనక కాస్త పచ్చగానే ఉంది. ఆయన చూశాడు గానీ మర్యాదకు అడగలేదు.

విస్తళ్లు వేశారు. తోటకూర కాడల పులుసు వడ్డించారు. తర్వాత చేప. నాంచారమ్మ చెప్పినట్టే మూరెడు చేప. బారెడు కాదు. జగ్గభూపతి ఎత్తిపొడుపు కోసం ఎదురుచూస్తూ తల వంచుకుని కూర్చున్నాడు.

వియ్యంకుడు ఒక ముక్క తిన్నాడు. ఏమీ అనలేదు. రెండో ముక్క తిన్నాడు. ఏమీ అనలేదు. మూడోసారి వడ్డించమని చేత్తోనే సైగ చేశాడు. అది కూడా తిని, నీళ్లు తాగి, జగ్గభూపతి వైపు తిరిగాడు.

"బావగారూ, ఒక మాట చెబుతాను. నవ్వకండి. కార్తికంలో మీకు పంపిన చేప మా చెరువులో చిన్నది కాదు."

"పెద్దదా?"

"మిగిలింది."

సంగతి ఇదీ. శ్రావణమాసంలో పట్టు శాలువా కప్పుకున్న మనిషి ఒకడు జాడీల బండితో కొండవల్లికి వచ్చాడట. ఒకనాడు తెల్లవారుజామున చెరువులో చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరిచాయట. ఆయనా జాలిపడి పెట్టాడట. మర్నాటికి చెరువంతా తెల్లగా తేలిందట. తాతగారి కాలం నుంచి బతుకుతున్న ముసలి బొచ్చె ఒక్కటి తూము దగ్గర చేరి ప్రాణం దక్కించుకుందట. ఖాళీ చెరువు సంగతి బయటపడకూడదని, ఉన్న ఆ ఒక్కదాన్నీ పట్టించి, గొప్పగా కమ్మ రాయించి పంపాడట.

"నోళ్లు తెరిచాయి బావగారూ. నేను పెట్టాను" అన్నాడాయన మళ్లీ, తనలో తాను అనుకున్నట్టు.

జగ్గభూపతి నవ్వలేదు. వియ్యంకుణ్ణి చూసి నవ్వే అవకాశం దొరికిన రోజు ఆయన జీవితంలో అదొక్కటే. చెయ్యి కడుక్కుని, తన చెరువు నుంచి వెయ్యి చేప పిల్లల్ని కుండల్లో పోసి కొండవల్లికి పంపమన్నాడు. తర్వాత నాంచారమ్మను పిలిపించాడు.

నాంచారమ్మ ఒక సంచి తెచ్చి వియ్యంకుడి చేతిలో పెట్టింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, అడుగున అంతా చిల్లులే కదమ్మా అన్నాడు.

"అవును దొరా. పైనుంచి మనం పెడతాం. ఎంత కావాలో అవి ఆ చిల్లుల్లోంచి చెబుతాయి. రోజూ ఎత్తి చూడాలి. అంతే."

జగ్గభూపతి నాంచారమ్మను ఏం కావాలో కోరుకోమన్నాడు. గుడిసె చాలంది. వచ్చే ఏడు కూడా గట్టు భోజనానికి తప్పకుండా రమ్మంది. తప్పకుండా వస్తానన్నాడు రాజుగారు. తలుపు మాత్రం తీసే ఉంచమన్నాడు.

అందరినీ కాచే ఆ మత్స్యావతారుడు మిమ్మల్ని కూడా చల్లగా చూచు గాక. ఇంటికెళ్లాక కథలోని ఈ ముక్క గుర్తుంచుకోండి పిల్లలూ: నోరు తెరిచిన ప్రతి ప్రాణీ ఆకలితో ఉన్నట్టు కాదు; ఏం కావాలో కనుక్కుని, కావలసినంతే పెట్టిందే పోషణ, మన గొప్ప కోసం పెట్టింది అమృతమైనా ఉరే.